ఇసోజాకి వాన

ఎడో పట్నంలో ఎవరో ఒక బొమ్మ అచ్చువేస్తే, ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న ఇసోజాకిలో పొయ్యి మీద కుండ ఖాళీగా ఉండటమేమిటి? వినడానికే విడ్డూరంగా ఉంది కదా. రికుకి కూడా అలాగే అనిపించింది. కాకపోతే, విడ్డూరంగా ఉందని ముక్కు మీద వేలేసుకుని కూర్చునే మనిషి కాదు ఆమె.

తీరం దారిలో వెళ్ళేవాళ్ళకి ఇసోజాకి ఒక మజిలీ. ఊరి మొదట్లో చెక్క వంతెన, వంతెన దిగగానే రికు నడిపే పూటకూళ్ళ ఇల్లు. మొగుడు తొమెజో జ్వరం వచ్చి పోయి ఏడాది దాటింది. అప్పటినుంచి వంట, వడ్డన, పక్కలు వేయడం, తాగి గొడవ చేసేవాణ్ణి వీధిలోకి నెట్టడం, అన్నీ ఆమె ఒక్కతే. ఊళ్ళో ఆమె నోటికి జడవనివాడు లేడు. ఆ నోటి వల్లే ఇల్లు నడిచేది కూడా. పక్క మజిలీ తకానెకి పోదామని గబగబా నడిచేవాళ్ళని చూసి, "కాళ్ళు అరిగిపోయాక తకానెలో తింటారా, కాళ్ళు ఉండగానే ఇక్కడ తింటారా?" అని గుమ్మంలోంచి కేకేస్తే, నవ్వుకుంటూ వచ్చి గడ్డి చెప్పులు విప్పేవారు.

తీరం దారి మజిలీలన్నిటికీ తలా ఒక రంగుల బొమ్మ వేస్తున్నారని, అందులో ఇసోజాకి కూడా ఉందని కబురు వచ్చిన రోజున ఊరంతా సంబరపడింది. ఊరి పెద్ద గెంపాచి సాకే సారా పీపా తెరిపించాడు. "ఎడోలో బరువులు మోసుకునేవాడి గోడ మీద కూడా ఇకనుంచి మన ఊరే ఉంటుంది" అని అందరికీ పోశాడు, తనకి రెండుసార్లు పోసుకున్నాడు. మరి ఆ బొమ్మల మోజు అలాంటిది. చేతిలో నాలుగు రాళ్ళు ఆడినప్పుడు ఎడోవాళ్ళు ఒక బొమ్మ కొనుక్కుంటారు, గోడకి అంటించుకుంటారు, దాన్ని చూస్తూ ఎప్పుడో ఒకప్పుడు ఆ దారిన వెళ్ళాలనుకుంటారు. వెళ్ళేటప్పుడు ఆ బొమ్మలో చూసిందే వెతుక్కుంటారు.

బొమ్మ రానే వచ్చింది. దాన్నిండా వాన. ఆ మూల నుంచి ఈ మూలకి ఏటవాలుగా నల్లటి వానగీతలు, బూడిదరంగు సముద్రం, వంతెన మీద తలలు దాచుకుని పరుగులు తీస్తున్న జనం. రికు ఇంటి కప్పు ఒక మూల కాస్త కనిపిస్తుంది, అది కూడా చూరు కారుతూ. ఊరి జనం ఆ కాగితాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు. చేపలు ఎండబెట్టుకుని బతికే ఊరది.

"తకానెకి ఏం వేశారట?" అని అడిగింది రికు.

"వెన్నెల" అన్నాడు బొమ్మ తెచ్చిన సంచి వర్తకుడు, తప్పు తనదే అన్నంత మెల్లగా.

మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వసంతం వచ్చి దారులు జనంతో నిండాక అసలు సంగతి తెలిసింది. వంతెన దిగినవాడు దిగినట్టే ఆకాశం వంక అనుమానంగా చూసి, నడక జోరు పెంచి, ఊరు దాటేస్తున్నాడు. ఒకరోజు ఎండ మిలమిలా కాస్తుండగా యాత్రికుల గుంపొకటి వచ్చింది. ముందు నడుస్తున్న పెద్దమనిషి రికు గుమ్మం దగ్గర నిలబడి, "ఏమ్మా, వాన ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగాడు.

"ఏ వాన?"

"ఈ ఊరి వాన."

రికు ఆకాశం చూపించింది. మబ్బు తునక లేదు.

"ఇప్పుడు లేదులే. వస్తుందిగా. మేం బొమ్మలో చూశాం" అని ఆయన వెనక్కి తిరిగాడు. "పదండర్రా, మొదలవకముందే తకానె చేరాలి. అక్కడైతే హాయిగా వెన్నెల్లో కూర్చోవచ్చు."

"ఇవాళ అమావాస్య నాయనా" అంది రికు.

ఆయన వినిపించుకోలేదు. గుంపు గుంపంతా ఆమె ఇల్లు దాటి, చేపలు ఆరేసిన తడికలు దాటి, మట్టిరేగేలా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. అన్నం గంప నిండా అలాగే ఉండిపోయింది. ఆ రోజు రికు ఎంత తిట్టిందో పక్కింటివాళ్ళకి ఇప్పటికీ గుర్తే.

ఎండాకాలం వచ్చేసరికి పరిస్థితి పూర్తిగా చేయి దాటింది. చలికాలం లోపు బాటసారులు మళ్ళీ ఆగకపోతే ఇల్లు మూసేయడం తప్ప దారి లేదని రికుకి తెలుసు. తకానెలో పెద్ద పూటకూళ్ళ ఇంటాయన అప్పుడే కబురు కూడా పెట్టాడు: ఇల్లు మూసేసి వచ్చేస్తే తన దగ్గర వంటమనిషిగా పెట్టుకుంటాడట. దానికి ఆమె పంపిన జవాబు ఇక్కడ రాయడం బాగుండదు. జవాబైతే పంపింది గానీ, ఆ తర్వాత చాలాసేపు ఖాళీ గదుల్లో అటూ ఇటూ తిరిగింది. ఆ గదుల కోసం తొమెజో, తనూ ఎంత ఒళ్ళు హూనం చేసుకున్నారో ఆమెకొక్కదానికే తెలుసు.

గెంపాచి ఇంట్లో ఊరంతా కూడి మాట్లాడుకున్నారు. ఎడో వెళ్ళి ఆ బొమ్మలోంచి వాన తీయించుకు రావాలి. ఎవరు వెళ్ళాలి అన్నప్పుడు అందరూ ఒకే వైపు చూశారు.

"నేనెందుకు బాబాయ్? ఊరి పెద్దవి నువ్వు కదా" అంది రికు.

"నేను వెళితే వాళ్ళు టీ పోసి, మర్యాద చేసి పంపేస్తారు. నీకు టీ పోసినా నువ్వు కదలవు" అన్నాడు గెంపాచి.

అది పొగడ్తో దెప్పో తేల్చుకోకుండానే రికు మూట కట్టుకుంది.

బొమ్మలు వేయించే చోబెయ్ దుకాణం ఎడోలో మంచి నడివీధిలో ఉంది. ముందు వసారా అంతా తాళ్ళకి వేలాడదీసిన బొమ్మలే: నటులు, అందగత్తెలు, కొండలు, వంతెనలు. వాటి మధ్యలో ఇసోజాకి వాన, దొంతరగా, వేడివేడిగా అమ్ముడుపోతోంది. చోబెయ్ గుండ్రటి మనిషి, మాట మెత్తన. రికు చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు.

"అంటే ఏం తీసేయమంటావమ్మా?"

"వాన."

"ఎక్కణ్ణుంచి?"

"మా ఊరి మీంచి."

చోబెయ్ నవ్వు ఆపుకున్నాడు. "చూడమ్మా. మంచు, వాన, వెన్నెల. జనం కొనేవి ఈ మూడే. ఎండ ఎవడు కొంటాడు? అది కిటికీలోంచి ఊరికే వస్తుంది. అందుకని మజిలీలకి పంచాం. తకానెకి వెన్నెల వచ్చింది, మీకు వాన వచ్చింది."

"పంచేముందు మమ్మల్ని అడిగారా?"

"మబ్బులు అడిగి వస్తాయా తల్లీ?"

ఆ మాట విని రికు మూట పక్కన పెట్టుకుని దుకాణం అరుగు మీద తీరిగ్గా కూర్చుంది. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి ఇసోజాకి బొమ్మ చేతిలోకి తీసుకోగానే, "కొనకండి బాబూ, అంతా అబద్ధం. నేను ఆ ఊరిదాన్నే. మొన్న ఉతికిన బట్టలు ఆరేసిన గంటలో బిర్రబిగుసుకుపోయాయి" అంది. వాళ్ళు బొమ్మ పెట్టేసి వెళ్ళిపోయారు. తర్వాత వచ్చిన ముసలాయనకి ఇసోజాకి ఎండలో తను చిన్నప్పటినుంచి ఎలా నల్లబడిందో వివరంగా చెప్పింది. ఆయన కూర్చుని శ్రద్ధగా విని, ఏమీ కొనకుండా దండం పెట్టి వెళ్ళాడు. చోబెయ్ టీ పోయించాడు. తాగింది, బాగుందంది, కదల్లేదు. చివరికి ఆయనే లేచి, "లోపలికి రా అమ్మా, నీకు పుణ్యముంటుంది" అని వెనక పనివాళ్ళ గదిలోకి తీసుకెళ్ళాడు.

లోపల చెర్రీ చెక్క వాసన, తడి కాగితం వాసన. గోడవారగా ఇద్దరు. ఉలితో చెక్కేవాడు కుమాకిచి, చెక్కిన దాన్ని కాగితం మీద అచ్చు తీసేవాడు ఇహాచి. ఒక్క బొమ్మకి ఒక్క చెక్క కాదు. గీతలకొకటి, నీలానికొకటి, ఆకుపచ్చకొకటి, ఇలా రంగుకో చెక్క ఉంటుంది. ఒకే కాగితాన్ని వాటన్నిటి మీదా వరసగా పరిచి, వెనకనుంచి వెదురు పట్ట చుట్టిన బిళ్ళతో రుద్దుతాడు ఇహాచి. ఇసోజాకి బొమ్మకి ఆఖరి చెక్క వానది. దాని మీద గీతలు తప్ప ఇంకేమీ లేవు.

వాన తీసేయమంటోందని వినగానే కుమాకిచి ముఖం మాడిపోయింది.

"ఆ గీతలు చూశావా అక్కా? వెంట్రుక కంటే సన్నం. ఒక్కటి విరిగితే చెక్కంతా పొయ్యిలోకే. ఈ వాన కురిపించేసరికి నా చూపు సగం పోయింది."

"మిగతా సగంతో ఎండ చెక్కు తమ్ముడూ" అంది రికు.

ఇహాచి పకపకా నవ్వాడు. "చెక్కడం దేనికి వదినా? నేను ఆ ఆఖరి చెక్క జోలికి పోకపోతే సరి. మీ ఊళ్ళో వాన లేనట్టే" అని కాగితం తీసుకుని పనిలో పడ్డాడు. గీతలు పడ్డాయి, నీలం పడింది, ఆకుపచ్చ, ఇటుక రంగు. ఆకాశానికి బూడిదరంగు బదులు లేత నీలం పూశాడు. ఆఖరి చెక్క పక్కకి నెట్టేసి, కాగితం లేపి అందరికీ చూపించాడు.

 ఆకాశం నిర్మలంగా ఉంది, సముద్రం తళతళలాడుతోంది. వంతెన మీద జనం మాత్రం కొంపలంటుకున్నట్టు పరుగెత్తుతున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే గొడుగు కింద ఒదిగి, కిమోనోలు మోకాళ్ళదాకా ఎత్తిపట్టుకున్నారు. కూలీలు బరువులు పెట్టుకుని దౌడు తీస్తున్నారు. ఒక ముసలాయన నడుం వంచి, టోపీ రెండు చేతులా పట్టుకున్నాడు.

"వీళ్ళకేమొచ్చింది?" అన్నాడు చోబెయ్.

"వెనక పులి ఉండుంటుంది" అన్నాడు ఇహాచి.

"పులి కాదు, ఈ అక్క ఉంది" అన్నాడు కుమాకిచి. రికుతో సహా అందరూ నవ్వారు. నవ్వుతూనే ఆమె ఆ కాగితం మళ్ళీ చూసింది. ఇది చూసినవాడు ఇసోజాకిలో దెయ్యాలున్నాయనుకుంటాడు తప్ప అన్నం తినడానికి ఆగడు.

ఆ సమయానికి బొమ్మ గీసిన తొసెన్ వచ్చాడు. వెనక సందులోనే ఉంటాడు, దుకాణంలో టీ కాచే వేళ తెలుసుకుని మరీ వస్తాడు. పొడుగ్గా, పల్చగా ఉన్నాడు. వాన లేని కాగితం చూసి, "నా జనాన్ని పిచ్చోళ్ళని చేశారు కదయ్యా" అన్నాడు. కోపం కంటే ఆసక్తే ఎక్కువ ఆ గొంతులో.

"అతుకులు వేస్తే సరిపోతుంది" అన్నాడు చోబెయ్. ఆ పని వాళ్ళకి కొత్త కాదు. చెక్కలో నచ్చని ముక్కని తొలిచేసి, అక్కడ కొత్త చెక్కముక్క బిగించి మళ్ళీ చెక్కుతారు. కాగితం మీద చూస్తే అతుకు వేసినట్టు బ్రహ్మకి కూడా తెలియదు. నలుగురూ కాగితం చుట్టూ కూర్చుని ఒక్కొక్కరి సంగతీ తేల్చారు. ఆడవాళ్ళ గొడుగు ఎండకి వేసుకున్నదనుకోవచ్చు, కిమోనో అంచులు దించితే చాలు. కూలీలకి పరుగు మామూలే. ముసలాయనకి నడుంనొప్పి, దానికి వాతావరణంతో పనిలేదు.

"ఇతనితోనే చిక్కు" అన్నాడు కుమాకిచి.

వంతెన చివర, బొమ్మ పేరు రాసిన ఎర్ర గడి కింద, వేలిగోరంత మనిషి ఒకడున్నాడు. అందరూ ఊళ్ళోకి పరుగెడుతుంటే ఇతను ఒక్కడే ఎదురు పరుగెడుతున్నాడు. నెత్తిన టోపీ లేదు. చంకలో మడిచిన గొడుగుంది. ఊళ్ళో అంతమంది ఆ బొమ్మ చూసి కూడా వాన మీద కోపంతో అతన్ని ఎవరూ గమనించలేదు.

"అందరూ పారిపోయే దానికి ఇతను ఎదురెళ్తున్నాడు. చూసినవాడికి అనుమానం ఇంకా పెరుగుతుంది. చెక్కేస్తే సరి. చిటికెలో పని" అని కుమాకిచి గీతల చెక్క ఒళ్ళోకి తీసుకున్నాడు.

"చెక్కెయ్" అంది రికు. "ఎవడో మతిలేనివాడు. గొడుగుంది, తడుస్తున్నాడు."

కుమాకిచి ఉలి ఆనించాడు.

"పాపం" అన్నాడు తొసెన్ టీ ఊదుకుంటూ. "మిగతావాళ్ళంతా నా పాత కాగితాల్లోంచి దించినవాళ్ళు. మీ ఊరినుంచి నేను తెచ్చుకున్నది ఇతన్నొక్కణ్ణే."

"మా ఊరా? మా ఊరెప్పుడొచ్చారు మీరు?"

"రెండేళ్ళయింది. మీ వంతెన అవతలే వాన పట్టుకుంది. చెట్టు కింద ఇరుక్కుపోయాను. అటు పోలేను, ఇటు రాలేను. చూస్తుండగానే ఊళ్ళోంచి ఇతను పరుగెత్తుకొచ్చాడు, నాకు గొడుగివ్వడానికి. నిలువునా తడిసి ముద్దయ్యాడు. అదేమిటయ్యా, చేతిలో గొడుగుండగా వేసుకోలేదేం అంటే, 'తెరిస్తే తడిసిపోతుంది కదండీ, మీకు పొడిది ఇద్దామని' అన్నాడు. నేను అంతకుముందు అలాంటి మాట వినలేదు. వంతెన దిగగానే ఉన్న ఇంట్లోనే బస. రాత్రంతా నిద్ర లేదనుకో. కింద ఎవరో ఆడమనిషి అతన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా..."

అంతదాకా వచ్చి తొసెన్ ఆగాడు. రికు ముఖం చూశాడు. టీ గిన్నె కింద పెట్టాడు.

రికు కుమాకిచి మణికట్టు పట్టుకుని ఉంది. ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు. "ఉలి తియ్యి తమ్ముడూ" అంది.

వేలిగోరంత మనిషిని దగ్గరికి లాక్కుని చూసింది. ముఖం లేదు, రెండు చుక్కలంతే. కానీ ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంది. తొమెజోకి చిన్నప్పుడు పడవలో విరిగిన భుజం అది. ఆ రోజు ఆమెకి బాగా గుర్తుంది. కొత్తగా పరిచిన చాపల మీద నీళ్ళు ఓడ్చుకుంటూ వచ్చి నిలబడ్డాడు. వెనకాల వచ్చిన బాటసారిని ఆమె పట్టించుకోనే లేదు, చూపంతా చాపల మీదే. గొడుగేం చేశావని అరిస్తే, "తెరవడం మర్చిపోయానే" అన్నాడు. ఆ మాటకి ఇంకా తిట్టింది. అసలు సంగతి చెబితే ఇంకెంత తిడుతుందోనని కాబోలు, మతిమరుపు నెత్తినేసుకుని చలికి వణుకుతూ నవ్వాడు. ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు.

రికుకి ఏడుపొచ్చింది. ఏడ్చింది. అపరిచితుల ముందు ఏడుస్తున్నానని ఆమెకి తోచలేదు, తోచినా ఆగేది కాదు. నలుగురు మగవాళ్ళూ ఎటు చూడాలో తెలియక రంగుగిన్నెలు సర్దారు.

కాసేపటికి చోబెయ్ గొంతు సవరించుకున్నాడు. "దీనికంత ఆలోచించాల్సిందేముంది తల్లీ? ఆయన్ని ఉంచేద్దాం. వాన తీసేద్దాం. ఎండలో మడిచిన గొడుగు పట్టుకున్న మనిషంటే ఎవరికీ వింతగా ఉండదు."

"అదేగా మరి" అంది రికు, ముక్కు తుడుచుకుంటూ. "వాన లేకపోతే ఆయన చేసిందేముంది? గొడుగు మోసుకెళ్ళే మనిషి. అలాంటివాళ్ళు ఊరికి పదిమంది. వద్దు. వాన ఉండాలి."

"మరి మీ ఊరు? నీ ఇల్లు?"

అక్కడే వచ్చింది తంటా.  గెంపాచి ముఖం రికు కళ్ళ ముందు కదిలింది, తకానె ఇంటాయన వెకిలి నవ్వు కదిలింది. ఇల్లు పోగొట్టుకుని బొమ్మలో మొగుణ్ణి మిగుల్చుకుంటే, బతికుంటే తొమెజోనే నవ్వుతాడు. పోనీ ఆయన్ని చెక్కించేసి ఇల్లు నిలబెట్టుకుంటే, ఆ ఇంట్లో తనకి ముద్ద దిగుతుందా? వానతో ఉన్న బొమ్మా, వాన లేని బొమ్మా పక్కపక్కనే పరిచి, ఒకదాన్నుంచి ఇంకోదానికి చూపు మారుస్తూ చాలాసేపు కూర్చుంది. 

"ఇహాచీ, మీరు ఇందాక ఆకాశానికి నీలం వేసినప్పుడు పైన ముదురుగా, కింద లేతగా వచ్చింది. అదెట్లా?" అంది ఉన్నట్టుండి.

"చెక్క మీద రంగు పూశాక తడిగుడ్డతో ఒక పక్క తుడిచేస్తాం వదినా. తుడిచినంత మేరా పల్చబడుతుంది. చెక్కే పని కాదు, చేతి పని."

"మా ఊళ్ళో వాన ఎప్పుడూ సముద్రం వైపు నుంచి వెలుస్తుంది. ముందు నీటి అంచున ఒక తెల్లటి గీత కనిపిస్తుంది. అది కనిపించిందంటే మేం చేపల తడికలు మళ్ళీ బయట పెట్టేసుకుంటాం. వంతెన మీదేమో ఇంకా పడుతూనే ఉంటుంది." ఆమె వేలు సముద్రం చివర ఆనింది. "ఇక్కడ తుడవగలరా?"

ఇహాచి తొసెన్ వంక చూశాడు. తొసెన్ మెడ ముందుకు సాచి, "తుడు, తుడు" అన్నాడు.

బూడిదరంగు ఆకాశం చెక్క మీద తడిగుడ్డ మెల్లగా జరిగింది. తుడిచిన చోట ఇహాచి ఇంత పసుపు, దాని పక్కన ఇంకాస్త గులాబిరంగు అద్ది, కలిపేశాడు. ఈసారి ఆఖరి చెక్క కూడా వేశాడు. సముద్రం వైపు కొసల్లో మాత్రం గీతల మీది సిరా గుడ్డతో కాస్త తుడిచేశాడు, వాన అక్కడ సన్నగిల్లేలా. కాగితం లేపాడు.

వాన పడుతూనే ఉంది. వంతెన మీద అందరూ తడుస్తూనే ఉన్నారు. నీటి అంచున మాత్రం వెలుతురు వచ్చేసింది. ఇంకో కాసేపట్లో ఎండ కాస్తుందని చంటిపిల్ల కూడా చెప్పేయగలదు. తొమెజో ఆ వెలుతురుకి ఎదురుగా పరుగెడుతున్నాడు.

"నేను గీసినదానికంటే బాగుంది" అని తొసెన్ ఒప్పుకున్నాడు, కాస్త ఆలస్యంగా.

"ఎర్ర గడిలో 'ఇసోజాకి వాన' అని ఉందిగా. దానికో అతుకు వేసి, 'వెలుస్తున్న వాన' అని చెక్కు తమ్ముడూ" అంది రికు.

తన వాన దక్కిన సంతోషంలో కుమాకిచి ఊరి చరిత్రంతా చెక్కమన్నా చెక్కేట్టున్నాడు. చోబెయ్ మాత్రం లోపల లెక్కలు వేసుకుంటున్నాడు. పాత బొమ్మ ఉన్నవాళ్ళు కూడా ఈ కొత్తది కొనకుండా ఉండలేరన్న మాట ఆయన పైకి అనలేదు. ముఖం మీద మాత్రం కనిపించింది.

ఊళ్ళో రికుకి పూలదండలేమీ పడలేదు. గెంపాచి కొత్త బొమ్మని చేయి చాచి దూరంగా పట్టుకుని, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"వాన అలాగే ఉందేం అమ్మాయ్?"

"ఉంది."

"తీయించుకు రమ్మని కదా పంపింది?"

"వెలుస్తోంది చూడు బాబాయ్. వెలిసేవరకు వచ్చినవాడు ఎక్కడ కూర్చోవాలి? మన చూరు కిందే కదా. కూర్చున్నవాడు తినకుండా ఉంటాడా?"

గెంపాచి గొణుక్కున్నాడు. ఇంకొందరు గట్టిగానే గొణిగారు. తొమెజో సంగతి రికు ఎవరికీ చెప్పలేదు. ఎందుకో చెప్పాలనిపించలేదు, కొన్నాళ్ళు తన దగ్గరే ఉంచుకోవాలనిపించింది.

ఆకులు ఎర్రబడే వేళకి ఒకరిద్దరు ఆగడం మొదలుపెట్టారు. తర్వాత గుంపులు ఆగాయి. ఇసోజాకిలో వాన వెలుస్తుంటే చూడాలట, అది చూడకుండా తీరం దారి నడిచినట్టే కాదట. ఎండగా ఉన్న రోజున వచ్చినవాళ్ళు వాన వస్తుందేమోనని కూర్చున్నారు, వానలో వచ్చినవాళ్ళు వెలిసేదాకా కూర్చున్నారు. అటూ ఇటూ ఎలా చూసినా కూర్చున్నారు, తిన్నారు. వెన్నెల కోసం తకానె వెళ్ళేవాళ్ళు నెలలో సగం రోజులు చీకట్లో కూర్చుని రావాల్సి వచ్చేదని, ఇక్కడ అలాంటి చిక్కేమీ లేదని రికు వచ్చినవాళ్ళందరికీ గుర్తుచేసేది.

ఒక మధ్యాహ్నం నిజంగానే వాన పట్టుకుంది. చూరు కింద జనం కిక్కిరిసి ఉన్నారు. పీచు వ్యాపారం చేసే ఒసాకా మనిషి ఒకడు కాల్చిన చేప నములుతూ, గోడకి అంటించిన బొమ్మని తీరిగ్గా చూస్తున్నాడు. చూసి చూసి ఒకచోట చేతిలోని తినే పుల్లలతో చూపించాడు.

"ఎవడండీ ఈ తిక్కమనిషి? చంకలో గొడుగు పెట్టుకుని తడుస్తున్నాడు?"

రికు చేతిలో చారు గిన్నె ఉంది. జాగ్రత్తగా ఆయన ముందు పెట్టింది.

"మా ఆయన" అంది. "ఆ గొడుగు మీకోసమే తెస్తున్నాడు."